ఏడో సైకిల్

మేం ఆరుగురం. సైకిళ్లు ఏడు.
వస్తనన్న ఎల్ఐసీ రాంచందర్ సారు
పొద్దుగాల్నే ఫోన్ జేసి నడుం పట్టిందన్నడు.
పైసలు గట్టిన గదా,
నా సైకిల్నన్న తిప్పుకొని రాండ్రి, అన్నడు.

సోమశిల రేవుల
హ్యాండిళ్లు ఒకదాన్లొకటి ఇరికించుకొని
మేకల లెక్క నిలవడ్డయి పడవల.
కుర్మయ్య కండ్లతోనే తూకమేసి
"బరువోళ్లు నడిమిట్లకు రాండ్రి" అన్నడు.
ఎవ్వరం లేవలే.
ఆఖరికి నేనే లేచిన.

మొదటి తిప్ప మీద సర్కారు తుమ్మలు తప్ప ఏం లేదు.
చుట్టు తిరిగొస్తె నాలుగు నిమిషాలు.
కట్టిన పైసలు యాదికొచ్చి
ఇంకోసారి తిరిగినం.
రెండో తిప్ప మీద
విశాఖ దిక్కు నుంచొచ్చినోళ్ల గుడారాలు,
తాళ్ల మీద ఎండుతున్న చేపలు.
ఫర్హానా హెల్మెట్ దిక్కు
కండ్లార్పకుండ చూసిన చిన్నపిల్ల
"ఏటప్పా, గిన్నెకిన్ని కన్నాలు?" అనడిగింది.
నవ్వు మూడో తిప్ప దాంక సాగేదే.

నడి నీళ్లల్ల
కుర్మయ్య ఉన్నట్టుండి ఇంజన్ పెంచిండు.
గాలి లేదు. అల లేదు.
కొత్తగ ఏసిన గచ్చు లెక్క సాపుగున్నయి నీళ్లు.
ఎందుకన్నా అంటె
"ఈడ ఎక్కుడున్నది" అన్నడు.
"ఏడ?"
"కింద.
జింకలదిన్నె తొవ్వ.
మా నాయిన కొల్లాపూర్ నుంచి సైకిల్ మీద సోడాలేసుకొని వచ్చెటోడు.
ఈడికొస్తె దిగి నూకెటోడంట.
అగో, ఎడమకు ఇటుకబట్టి.
ఆడికెల్లి మలుపు."
తెడ్డు కొసతోని ఉత్త నీళ్ల మీద
ఒక్కొక్క మలుపు గీసి చూపెట్టిండు.
నువ్వు సూసినవా అంటె
"నేనేడ? డ్యాం నిండినంక పుట్టినోన్ని."

మూడో తిప్ప మీద దొరికింది ఆ తొవ్వ.
నీళ్లల్లకెల్లి కంకర పైకొచ్చి
ఇన్నూరు గజాలు నడిచి
అవతల మళ్ల నీళ్లల్లకు దిగింది,
మేమొచ్చింది చూడనే చూడనట్టు.
పక్కన మైలురాయి. అంకె అరిగింది.
కొల్లాపూర్ల 'కొ' ఒక్కటే మిగిలింది.

జొన్నరొట్టెలు, పండుమిర్చి తొక్కు అయినంక
సుకన్య టీచర్ అన్నది:
"ఆ ఏడోది నువ్వు తొక్కరాదు, కుర్మయ్యా?"
చేతులు లుంగీకి తుడుచుకుండు.
తుడిచినయే మళ్ల తుడుచుకుండు.
"నాకు రాదు మేడం.
తొవ్వే మునిగినంక సైకిలెందుకని
నాయిన అది అమ్మి పుట్టి కొన్నడు.
నేర్సుకున్నా, ఏడికని తొక్కాలె?"

నలభై ఏండ్ల మనిషిని సీటు ఎనక పట్టుకొని
మోకాళ్లు సలుపుతున్న నేను ఉరికిన.
తుఫాన్ల సుత పడవల కదలకుండ కూసునే మనిషి
ఈడ ఆకు లెక్క వణికిండు.
మూడుసార్లు పడ్డడు.
నాలుగోసారి
చెయ్యి తీసిన సంగతి నేను చెప్పలే.
నా ఎగపోత దూరమైనట్టు తెల్సిందో ఏమో,
ఎనక్కు చూడకుండనే తిట్టిండు.
పోయిండు. మైలురాయి దాటిండు.
బ్రేకు సంగతి చెప్పుడు
అందరం మర్సిపోయినం.

ముందటి చక్రం నీళ్లల్లకు.
ఎనకటి చక్రం నీళ్లల్లకు.
మోకాలి లోతుల ఆగి,
సీటు దిగకుండ
ఒక్క కాలు కిందవెట్టిండు.
అరికాలికి కంకర తాకిందేమో,
చానాసేపు కాలు తియ్యలే.
ఫర్హానా ఫోన్ బయటికి తీసి
ఫోటో గొట్టకుండనే మళ్ల జేబులేసుకున్నది.

మర్లొచ్చేటప్పుడు పొద్దు గూకుతున్నది.
ఏడోదాని చైన్ తుడవాలె, గ్రీజు పెట్టాలె,
రాంచందర్ సారుకు ఏం జెప్పాలె అని
మేం తర్కం జేసుకుంటుంటె
నడి నీళ్లల్ల, పొద్దుగాల్లి జాగల్నే
కుర్మయ్య ఇంజన్ బంజేసిండు.
ఖరాబయిందేమోనని
ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.

"దిగుడొచ్చింది" అన్నడు.
"ఇగ తొక్కేదిలేదు."

పడవ చానాదూరం
దానంతటదే పోయింది.